తలకు దెబ్బ: నెత్తురు రాకపోతే భయం లేదా?

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని మా ఓ.పి.కి వచ్చింది. కుర్రవాడు తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం. చిత్తూరు దగ్గర తమ ఊళ్ళో జరిగిన కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్ళినప్పుడు ఎవరిదో మోకాలు కణతకు తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. మొహాన నీళ్ళు చల్లి, సోడా తాగించి, మళ్ళీ ఆటలోకి దించారు. కాసేపటికి తల నేలకు కొట్టుకుంది.

"నెత్తురు చుక్క కూడా రాలేదు సార్. పుస్తకం పడితే అక్షరాలు అలుక్కుపోతా ఉండాయంటాడు. ఊరికే విసుక్కుంటాడు. దిష్టి కూడా తీసినాను" అందామె.

కుర్రవాడి బాధ వేరు. నాలుగు రోజుల్లో కాలేజీల పోటీలు. ఆడవచ్చని సర్టిఫికెట్ కావాలన్నాడు. ఇంతకు ముందెప్పుడైనా ఇలా అయిందా అని అడిగితే తల్లి వైపు చూసి, "పోయిన ఏడాది రెండుసార్లు సార్" అన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. నేను సర్టిఫికెట్ రాయలేదు.

దీన్ని కంకషన్ అంటారు. కురిడీ కాయను ఊపితే లోపలి కొబ్బరి చిప్పకు కొట్టుకుంటుంది కదా! మెదడు అంత వదులుగా ఉండదుగాని, గట్టి దెబ్బకు అదీ పుర్రెలో అదురుతుంది. నరాల కణాలలోని లవణాలు తారుమారవుతాయి. వాటిని సరిదిద్దుకోడానికి మెదడుకు ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. ఈ మార్పు సి.టి. స్కానులో కనపడదు. స్కాను బాగుందంటే రక్తస్రావమూ, ఎముక విరగడమూ లేవని మాత్రమే అర్థం. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకోవడం కూడా పొరపాటు. చాలామందికి స్పృహ తప్పదు.

మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే బాధలు వారాల తరబడి సాగుతాయి. అరుదుగా, ముఖ్యంగా పడుచు వయసువారిలో, మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న బాక్సర్లలో నడక తూలడం, చేతులు వణకడం, మతి మందగించడం గురించి అమెరికా వైద్యుడు మార్ట్‌లాండ్ 1928లోనే రాశాడు.

నడిచి వచ్చాడు గదా అని ధీమా పడకూడదు. క్రికెటర్ రమణ్ లాంబా 1998లో ఢాకాలో హెల్మెట్ లేకుండా ఫీల్డింగ్ చేస్తూ తలకు బంతి తగిలాక నడిచే పెవిలియనుకు వెళ్ళాడు. మూడు రోజులకు చనిపోయాడు. ఇప్పుడు క్రికెట్లో 2019 నుంచి కంకషన్ అయినవాడి బదులు ఇంకొకరిని దించవచ్చు. 2020లో కాన్‌బెర్రాలో జడేజా బదులు చాహల్ బౌలింగ్ చేసింది అలాగే. మన ఊరి కబడ్డీ జట్లలోనూ బయట కూర్చున్న కుర్రవాళ్ళు ఉంటారు. వాళ్ళను దించడానికి ఎందుకో మనసొప్పదు.

దెబ్బ తగిలినవాణ్ణి ఆ రోజు మళ్ళీ ఆడించకండి. ఒంటరిగా వదలకండి, మోటారు సైకిల్ ఇవ్వకండి. నిద్రపోనివ్వకుండా రాత్రంతా కూర్చోబెట్టనక్కరలేదు. కాని పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, ఫిట్స్, తడబడే మాట, కాలో చెయ్యో పట్టు తప్పడం, లేపినా లేవని మత్తు, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని నీరు కారడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక 108కి ఫోన్ చేయండి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, సెల్‌ఫోను తగ్గించాలి. తర్వాత నడక, చదువు, పరుగు, ఆ క్రమంలో. ఏ మెట్టు దగ్గర తలనొప్పి పెరిగితే అక్కడ ఒక మెట్టు దిగాలి. ఒకరినొకరు పట్టుకునే ఆట అన్నిటికన్నా చివర, అదీ డాక్టరు చూశాకే.

మా కుర్రవాడు ఆ పోటీలను గీత బయట నిలబడి చూశాడట. నెల దాటాక వచ్చాడు. ఒంటికాలి మీద నిలబెట్టి చూశాను, నెలల పేర్లు వెనక నుంచి చెప్పించాను. తలనొప్పి లేదు, చదువు సాగుతోంది. ముందు పరుగు, సాధన. అవి ఇబ్బంది లేకుండా సాగితేనే ఆట అని సర్టిఫికెట్లో రాసి సంతకం పెట్టాను. వాళ్ళమ్మకు ఆ సంతకం నచ్చినట్టు లేదు.