ప్రేవులలోని పాలనాళములు

1622వ సంవత్సరము జూలై 23వ తేదీన ఇటలీలోని మిలాన్ నగరమున గాస్పరే అసెల్లి అను శస్త్రవైద్యుడు, బ్రతికియున్న కుక్క నొకదానిని కోసి, విభాజక పటలము కదలికను మిత్రులకు చూపుచుండెను. ప్రేవులను ప్రక్కకు తొలగింపగా, వాటి నంటియున్న పలుచని పొరలో తెల్లని దారముల వంటివి అనేకము కనబడెను. అవి నరములని ఆయన మొదట భ్రమపడెను. ఒకదానికి గాటు పెట్టగా పాలవంటి ద్రవము పైకుబికెను. అయితే మరియొక కుక్కను కోసినప్పుడు ఆ దారముల జాడయే లేదు! మొదటిది కడుపునిండ తినినది, రెండవది పస్తున్నది. కీలకము ఇదియే.

ఆ పలుచని పొరకు ఆంత్రయోజని అని పేరు. చిన్నప్రేవును పొట్ట వెనుక గోడకు కట్టియుంచునది ఇదే. రక్తనాళములు, నరములు, శోషరస నాళములు దీనిగుండానే ప్రేవును చేరుచున్నవి.

ప్రేవు లోపలిగోడపై మఖమలు నూగువలె సన్నని చూషకములు లేచియుండును. ప్రతి చూషకము నడుమ రక్తకేశనాళికలతోబాటు, కొన మూసికొనియున్న క్షీరనాళ మొకటి యుండును. మనము తిన్న అన్నములోని చక్కెరలు, పప్పులోని ఆమినో ఆమ్లములు రక్తములో చేరి, నేరుగా కాలేయమునకు పోవును. నేతి దారి వేరు. పైత్యరసము, క్లోమరసము దానిని విడగొట్టిన పిమ్మట, ప్రేవు కణములు ఆ ముక్కలను మరల కొవ్వుగా కూర్చి, మాంసకృత్తుల తొడుగు వేసి, సూక్ష్మమైన బిందువులుగా వెలుపలికి పంపును. ఈ బిందువులు రక్తకేశనాళికల గోడలను దూరజాలవు. క్షీరనాళపు గోడలోని సందులగుండా మాత్రము లోనికి పోగలవు. అందువలననే భోజనమైన పిమ్మట శోషరసము పాలవలె తెల్లబడును. పస్తున్నప్పుడు తేటగా నుండును.

ఆంత్రయోజనిలో ఈ నాళములు పూసలదండవలె కనబడును. పూసకు పూసకు నడుమ, సైకిలు ట్యూబు వాల్వువలె, ఒకవైపునకే తెరచుకొను కవాటము లుండును. గోడలలోని కండరము లయబద్ధముగా ముడుచుకొని రసమును ముందుకు నెట్టును. దారిలోని శోషరస గ్రంథులు సూక్ష్మజీవులను అడ్డగించును.

ఈ నాళములు కాలేయమునకే పోవునని అసెల్లి తలచెను. అది పొరపాటు. 1651లో ఫ్రాన్సు దేశీయుడైన జాన్ పెకే అసలు దారిని ప్రకటించెను. ఈ రసము వెన్నెముక ముందున్న తిత్తిని చేరి, రొమ్ములోని పెద్దవాహిక వెంట పైకెక్కి, మెడ మొదట ఎడమవైపు సిరలలో కలియును.

ఈ దారి చెడినచో కలుగు నష్టము బోదకాలు వ్యాపించిన ప్రాంతములలో కానవచ్చును. బోదకాలు పురుగులు శోషరస నాళములను చెరచినప్పుడు, కొందరిలో ఈ పాలరసము మూత్రమార్గములోనికి కారును. మూత్రము పాలవలె వచ్చును. కొవ్వు, మాంసకృత్తులు వృథాగా పోవుటచే రోగి కృశించును. అట్టివారికి వైద్యులు నూనె, నెయ్యి తగ్గించి, క్షీరనాళములతో పనిలేక నేరుగా రక్తములో చేరగల మధ్యస్థ గొలుసుల కొవ్వులను సూచింతురు. మూత్రము పాలవలె కనబడినప్పుడు, వేడిచేసినదని ఊరకుండక వైద్యునికి చూపుట అవసరము. నాలుగు వందల యేండ్ల క్రిందట అసెల్లి గాటు పెట్టగా ఉబికినది ఈ రసమే.