గూట్లో పెట్టిన చీటీ

రేపటి వాతావరణాన్ని లెక్కలు కట్టి ముందే తెలుసుకోవచ్చునా? ఇంగ్లండుకు చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు తెలుసుకోవచ్చునన్నాడు. ఆయన మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులో గాయపడిన సైనికులను మోసే మోటారు బండి నడుపుతూ, తీరిక దొరికినప్పుడల్లా కాగితం మీద లెక్కలు వేశాడు. ఆరు గంటల వాతావరణం లెక్క కట్టటానికి వారాల తరబడి పట్టింది. అంతా చేస్తే జవాబు తప్పు వచ్చింది! అయినా ఆయన నిరుత్సాహపడక, 1922లో అచ్చయిన తన పుస్తకంలో ఒక చిత్రమైన ఊహ రాశాడు.

గుండ్రని పెద్ద నాటకశాల. దాని గోడల నిండా ప్రపంచపటం. అక్కడ 64,000 మంది కూర్చుని, ఎవరి ముక్కకు వాళ్ళు లెక్కలు కడుతూంటారు. (ఆ రోజుల్లో ఇలా లెక్కలు కట్టే మనుషులనే కంప్యూటర్లు అనేవారు!) ఒకచోటి గాలి పక్కచోటికి వీస్తుంది గదా! కనక పక్కవాడి అంకెలు తెలియనిదే ఎవరి లెక్కా ముందుకు సాగదు. అందుకని ఆ అంకెలు వెలుగుతూ కనిపించే పలకలుంటాయనీ, ఇరుగుపొరుగులు వాటిని చూసి రాసుకుంటారనీ రిచర్డ్‌సన్ ఊహించాడు. మధ్యన ఎత్తైన స్తంభం మీద ఒక పెద్ద నిలబడి, ముందుకు పోయేవాళ్ళ మీద గులాబిరంగు వెలుగూ, వెనకబడ్డవాళ్ళ మీద నీలపు వెలుగూ వేస్తూంటాడట.

అలాటి నాటకశాలను ఎవరూ కట్టలేదు. కాని ఆ పని ఈనాడు యంత్రాలు చేస్తున్నాయి. మన దేశంలో 2024లో పుణెలో ‘అర్క’, నోయిడాలో ‘అరుణిక’ అనే మహా కంప్యూటర్లను ఇందుకోసమే ప్రారంభించారు. ఇటువంటి యంత్రంలో పటాన్ని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను ఒక్కొక్క ‘ప్రాసెస్’కు అప్పగిస్తారు. ప్రాసెస్ అంటే నడుస్తూ ఉన్న ప్రోగ్రాము అనుకోండి. అవి వేలకొద్దీ ఒకేసారి పనిచేస్తాయి. అయితే ఇక్కడ వెలిగే పలకలు లేవు. ఏ ప్రాసెస్ జ్ఞాపకం దానిదే. పక్కదాని జ్ఞాపకంలోకి తొంగిచూడటానికి మామూలుగా వీల్లేదు. అందుచేత తన అంచున ఉన్న అంకెలను చీటీ రాసినట్టు రాసి పక్కవాళ్ళకు పంపాలి. ఈ పంపకం ఎలా జరగాలో 1994లో ఒక ఒప్పందం తయారయింది. దాని పేరు ఎం.పి.ఐ.

విశాఖపట్నం ఉన్న ముక్క ఒక ప్రాసెస్‌దీ, దానికి తూర్పున ఉన్న సముద్రపు ముక్క మరొకదానిదీ అనుకోండి. ఇద్దరికీ ఒకటే ఆజ్ఞ: “ముందు నీ చీటీ ఇయ్యి. అవతలివాడు పుచ్చుకున్నాక, వాడి చీటీ నువు పుచ్చుకో.” వినటానికి బాగానే ఉన్నది గదా? మీరూ, మీ స్నేహితుడూ ఎదురెదురుగా నిలబడి చేసి చూడండి. ఇద్దరూ చెయ్యి చాచి చీటీ ఇస్తూనే ఉంటారు, పుచ్చుకునేవాడు లేడు! తెల్లవార్లూ నిలబడినా అంతే. దీన్ని ప్రతిష్టంభన అంటారు. యంత్రం చెడిపోదు, తప్పు జరిగిందని చెప్పదు, ఊరికే అలా ఉండిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. అటువంటి తుఫాను ఇంకా సముద్రంలో ఉన్నప్పుడు లెక్క ఇలా ఆగిపోతే, జవాబు కన్న ముందు తుఫానే వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ పక్కన గోడలో ఒక గూడున్నదనుకోండి. మీ పలక మీది అంకెలను ఒక కాగితం మీదికి ఎక్కించి గూట్లో పెట్టేస్తారు. అంతటితో మీరు ఇచ్చే పని అయిపోయింది! పలక తుడిచి తరవాతి లెక్క మొదలుపెట్టవచ్చు, అవతలివాడి చీటీ పుచ్చుకోవచ్చు. వాడు పుచ్చుకోవటానికి సిద్ధమైనప్పుడు మీ కాగితం గూట్లోనుంచి వాడికి చేరుతుంది. ఈ గూటినే బఫర్ అంటారు. ఎం.పి.ఐ.లో ఇలా పంపటానికి ‘బిసెండ్’ అని ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ ఉన్నది. గూడు మాత్రం ప్రోగ్రాము రాసేవాడే కట్టుకోవాలి.

ఎంత గూడు కావాలి? అంచున 100 చోట్లున్నాయనుకుందాం. ఒక్కొక్క చోట వేడి, ఒత్తిడి, తేమ, తూర్పుపడమరలుగా గాలి, ఉత్తరదక్షిణాలుగా గాలి, మొత్తం 5 అంకెలు. అంకెకు 8 బైట్ల చోటు. అంటే చీటీ 4,000 బైట్లు. కాని గాలి నేల మీదనే కాదు, పైన కూడా ఉన్నది. ఆకాశాన్ని 50 అంతస్తులుగా చేస్తే చీటీ 2,00,000 బైట్లవుతుంది. నాలుగు దిక్కులకూ పంపాలంటే 8,00,000. సరిగా అంతే గూడు కడితే చాలదు! ప్రతి చీటీకీ ఎవరికి పోవాలో రాసిన కవరులాటిది ఉంటుంది. దానికి కూడా కాస్త చోటు వదలాలి. గూడు చాలకపోతే బిసెండ్ ‘తప్పు’ అని చెప్పి పని ఆపేస్తుంది. చడీచప్పుడూ లేకుండా నిలిచిపోవటం కన్న ఇది ఎంతో నయం.

ఎందుకంటే, మామూలు ‘సెండ్’ ఆజ్ఞలో ఒక మోసం ఉన్నది. చాలా యంత్రాలు చిన్న చీటీలను అడగకుండానే తమ రహస్యపు గూట్లో పెట్టేస్తాయి. చీటీ పెద్దదైతే పెట్టవు, అవతలివాడు సిద్ధమయేదాకా ఆగుతాయి. అందుచేత ఒకే అంతస్తుతో పరీక్షించినప్పుడు ప్రోగ్రాము బ్రహ్మాండంగా నడవవచ్చు. 50 అంతస్తులు పెట్టగానే కొయ్యబారిపోతుంది! ఆజ్ఞల్లో ఒక్క అక్షరమైనా మారలేదే అని రాసినవాడు తల పట్టుకుంటాడు. తప్పు మొదటినుంచీ ఉన్నది, రహస్యపు గూడు దాన్ని దాచింది.

గూడుకు ఖర్చు లేకపోలేదు. కాగితం మీదికి ఎక్కించటానికి కాలం పడుతుంది, చోటు పడుతుంది. కనక వీలైనప్పుడు గూడు లేకుండానే గడుపుతారు. ఎలాగో ఆట ఆడి చూడండి. ఆరుగురు గుండ్రంగా కూర్చోండి. ప్రతివాడూ కుడిపక్కవాడికి ఒక చీటీ ఇచ్చి, ఎడమపక్కవాడి చీటీ పుచ్చుకోవాలి. బయట ఒకరు ఈల వేస్తూండాలి. ఒక ఈలకు ఎవరైనా ఒక్క పనే చెయ్యాలి, ఇవ్వటమో పుచ్చుకోవటమో. అందరూ “ముందు ఇస్తాను” అంటే ఎన్ని ఈలలు వేసినా ఆట కదలదు. ఒక్కడు “ముందు పుచ్చుకుంటాను” అంటే చాలు, కదులుతుంది, కాని ఒకరి తరవాత ఒకరుగా ఆరు ఈలలు పడుతుంది. ఒకరు విడిచి ఒకరు ముందు పుచ్చుకుంటే రెండు ఈలల్లో అయిపోతుంది. ఏడుగురుంటే ఎన్ని ఈలలో మీరే ఆడి తేల్చండి.