ఇల్లు అమ్మాలా? ముందు కాగితాలు, తర్వాతే సున్నం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. అమ్మడమూ అంత తేలికేం కాదు. పంట పోయి అప్పు మీద పడ్డప్పుడో, పిల్ల పెళ్లి కుదిరినప్పుడో పల్లెల్లో ఇల్లు బేరానికి పెడుతుంటారు. మన అవసరం కనిపెట్టి కొనేవాడు ధర దించుతాడు. కాగితం ఒక్కటి తక్కువైతే మరింత దించుతాడు. అందుకే రెండు మూడు నెలల ముందే సిద్ధం కావాలి.

కాగితాలు

పొలానికి పాసుపుస్తకం ఉన్నట్టు గ్రామకంఠంలోని ఇంటికి ఉండదు. పంచాయతీ పన్ను రసీదు ఉంది కదా అని ధీమా పడొద్దు. అది పన్ను కట్టినట్టు రుజువే గానీ హక్కు పత్రం కాదు. రిజిస్టరు దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఒకచోట పెట్టుకోవాలి. అన్నింట్లో పేరు, ఇంటి నంబరు, హద్దులు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. కేంద్రం 2020లో మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద మీ ఊళ్లో ఆస్తి కార్డులు ఇచ్చి ఉంటే అదీ తీసుకోవాలి. ఇంటిమీద బ్యాంకు అప్పు ఉంటే తీర్చి, తీరినట్టు కాగితం పుచ్చుకోవాలి.

ప్రభుత్వం పేదలకిచ్చిన పట్టా స్థలమైతే అమ్మకానికి ఆంక్షలుంటాయి. తహసీల్దారు ఆఫీసులో అడిగాకే బేరం పెట్టాలి.

అక్కచెల్లెళ్ల సంతకం

ఇల్లు తండ్రి సొంత సంపాదన, వీలునామా రాయకుండా ఆయన కాలం చేశారనుకుందాం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లి, కొడుకులతో పాటు కూతుళ్లూ సమాన వారసులే. పెళ్లై వెళ్లిన ఆడపడుచుతో పనేముందని బయానా పుచ్చుకుంటే, తీరా రిజిస్ట్రేషన్ నాడు బేరం ఆగిపోతుంది. పుచ్చుకున్న బయానా అప్పులకు పోయి ఉంటే తిరిగివ్వడం తలకు మించిన పనవుతుంది. ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

కొలత, రిపేర్లు

ఇరుగుపొరుగు హద్దుదారుల ఎదుట టేపు పట్టి కొలిపించాలి. సెంటుకు 48.4 గజాలు. 5 సెంట్లంటే 242 గజాలు రావాలి. తక్కువొస్తే బయానాకు ముందే కొనేవారికి చెప్పడం మంచిది.

రిపేర్లకు అప్పు చేయొద్దు. పగిలిన పెంకులు మార్చాలి. స్లాబు కారుతుంటే పగుళ్లు పూడ్చాలి. గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా వాలు చేయాలి. దూలాలు, ద్వారబంధాలకు చెదలుంటే మందు కొట్టించాలి. పెంటకుప్ప తీసేసి పెరడు శుభ్రం చేయాలి. గోడలు ఆరాకే సున్నం వేయాలి. చెమ్మమీద రంగు పూస్తే నెలలోనే పెచ్చులూడి గుట్టు బయటపడుతుంది.

బయానా

ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. మొత్తం ధర, బయానా, గడువు అందులో రాయించాలి. రూ.20 వేలు, ఆపైన బయానా నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం సాధారణంగా ఒప్పుకోదు. బ్యాంకు ద్వారా తీసుకుంటే రుజువూ ఉంటుంది. పూర్తి సొమ్ము ముట్టకుండా రిజిస్ట్రేషన్ చేయొద్దు, తాళం ఇవ్వొద్దు.