‘ఇక చాలు’ అన్న సోగ్గాడు!

సినీతారల వైభోగం గురించి చదవడమంటే మనందరికీ సరదాయే! ఎవరు ఏ కారు కొన్నారు, ఎవరి గృహప్రవేశానికి ఎవరెవరు వచ్చారు... ఈ కబుర్లు లేకపోతే సినిమా పేజీ చప్పగా ఉంటుంది. కానీ ఈ వారం నేను చెప్పబోయేది చేతినిండా డబ్బు వస్తున్నా, గడియారం చూసుకుని మేకప్ తుడిచేసి ఇంటికి వెళ్లిపోయిన ఓ హీరో సంగతి.

ఎవరో ఊహించారా? మన నటభూషణ శోభన్‌బాబు!

అసలు పేరు ఉప్పు శోభనాచలపతిరావు. సొంతూరు అప్పటి కృష్ణా జిల్లా చిననందిగామ. లా చదవడానికని మదరాసు వెళ్లి, వేషాల కోసం స్టూడియోల చుట్టూ తిరిగారు. 1959లో ‘దైవబలం’తో తెరమీదికొచ్చారు. 1965లో ‘వీరాభిమన్యు’, 1969లో ‘మనుషులు మారాలి’, 1975లో ‘సోగ్గాడు’... అలా మెట్టు మెట్టు ఎక్కి అందాల నటుడయ్యారు. మీ అమ్మనో, అమ్మమ్మనో అడిగి చూడండి. ఆ రింగు జుట్టు గురించి ఇప్పటికీ చెబుతారు!

హీరోకి గిరాకీ పెరిగితే ఏమవుతుంది? పగలు ఒక సినిమా, రాత్రి ఒక సినిమా. శోభన్‌బాబు లెక్క వేరు. సాయంత్రం ఆరు దాటితే షూటింగ్ లేదు. ఆదివారం అసలే లేదు. ఆ వేళ ఇంటిది, పెళ్లాం పిల్లలది. వేషాల కోసం తిరిగే రోజుల్లో ఏ నటుడూ ఇలాంటి నియమం పెట్టుకోలేడు, నిజమే. కానీ పెట్టుకోగల స్థాయికి వచ్చాక ఎంతమంది పెట్టుకుంటారు? మరో రెండు గంటలు ఉంటే మరో సినిమా ఒప్పుకోవచ్చు కదా అన్న ఆశ ఊరుకోనిస్తుందా?

వచ్చిన డబ్బు ఆయన ఆర్భాటానికి ఖర్చు పెట్టలేదు. భూముల మీద పెట్టారు. స్థలాలు కొనమని తనకు సలహా ఇచ్చింది శోభన్‌బాబే అని మురళీమోహన్ గారు ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పారు. మరీ ఇంత జాగ్రత్తా అని చాటుగా నవ్వుకున్నవాళ్లూ ఉన్నారు. నవ్వితే నవ్వనీ! శోభన్‌బాబు సన్యాసి కాదు, ఆస్తి వద్దనుకున్న మనిషీ కాదు. ఆస్తి పెరిగింది గానీ అవసరాల్ని దాంతో పాటు పెరగనివ్వలేదు. కిటుకంతా అక్కడే ఉంది.

ఆ కిటుకు విలువ చివర్లో తెలిసింది. 1996లో ‘హలో గురూ’ తర్వాత ఆయన మళ్లీ మేకప్ వేసుకోలేదు. తండ్రి వేషాలు, తాత వేషాలు వద్దన్నారు. అభిమానుల కళ్లలో సోగ్గాడుగానే ఉండిపోవాలన్నది ఆయన కోరిక. 2005లో వచ్చిన ‘అతడు’లో ఓ ముఖ్య పాత్ర కోసం ఖాళీ చెక్కు పంపినా ఒప్పుకోలేదని ఆ చిత్రం తీసిన మురళీమోహన్ గారే చెప్పారు. అంకె మీరే వేసుకోండి అన్నా వద్దన్నారంటే... అబ్బ, ఏం గుండె! 2008 మార్చి 20న కన్నుమూసేదాకా ఆయన ఆ మాట మీదే నిలబడ్డారు. కొడుకునీ తెరమీదికి తేలేదు.

ఇక్కడ చిత్తూరు నాగయ్య గారిని తలుచుకోకపోతే తప్పు. 1940ల్లో పోతన, త్యాగయ్య, వేమన వేషాల్లో ఆయన్ని చూసి జనం చేతులెత్తి మొక్కారు. సంపాదన తక్కువేం కాదు. కానీ అడిగినవాడికల్లా ఇచ్చారు, ఇంటికొచ్చినవాడికల్లా అన్నం పెట్టారు. డబ్బు ఆయన మనసుని ఇసుమంతైనా మార్చలేదు. అయితే చేతిలో ఏమీ మిగల్చుకోకపోవడంతో చివరి రోజుల్లో చిన్నా చితకా వేషాలు కూడా వేయాల్సి వచ్చింది. 1973 డిసెంబర్ 30న వెళ్లిపోయారు. ఇద్దరూ తమ స్వభావం వదులుకోని వాళ్లే. కాకపోతే ‘వద్దు’ అనగలిగే వీలు శోభన్‌బాబుకి మిగిలింది, నాగయ్య గారికి మిగల్లేదు.

ఇదంతా పాత కథ, మనకెందుకు అంటారా? హైదరాబాద్ కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర నాకు రోజూ కనిపించే ఓ కుర్రాడి సంగతి వినండి. అసిస్టెంట్ డైరెక్టరు. నాలుగేళ్లుగా ఒక కథ రాసుకుంటున్నాడు. ఈ మధ్య ఓ వెబ్ సిరీస్‌లో మంచి జీతం దొరికింది. వెంటనే పెద్ద ఫ్లాటుకి మారాడు, వాయిదాల మీద కారు కొన్నాడు. మొన్న ఓ చిన్న నిర్మాత అతని కథ సినిమాగా తీస్తానన్నాడు. డబ్బు మాత్రం తక్కువే ఇవ్వగలనన్నాడు. మనవాడు వదులుకున్నాడు! ఎందుకురా అంటే, “నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి కదన్నా” అన్నాడు. ఆ మాట అంటుంటే వాడి మొహం చూడాల్సింది. కారు వాడిది. నిర్ణయం మాత్రం కారుదే!

నాకూ ఈ మధ్య రాబడి కాస్త పెరిగింది. వ్యాసాలతో పాటు ఓటీటీ వాళ్లకు మాటలు రాస్తున్నాను. ఇంకా ఆ స్కూటరేనా గురూ అని స్నేహితులు ఎగతాళి చేస్తారు. స్కూటరు బాగానే నడుస్తోంది. పోయిన నెల నచ్చని సీను ఒకటి రాయమంటే రాయనని చెప్పి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర నాకు స్కూటరు ఇచ్చిందే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మంచి చొక్కా తొడుక్కోవద్దని, కారు కొనొద్దని నేననను. సోగ్గాడి అభిమానిని, సోకు వద్దని ఎలా అంటాను? మొదటి జీతం అందుకున్న రోజు ఒక్క లెక్క మాత్రం వేసుకోండి. ఈ ఖర్చు నాకు కావాలా, నన్ను చూసే నలుగురికి కావాలా? రేపు ‘వద్దు’ అనాల్సి వస్తే, ఇది నన్ను అననిస్తుందా?

జవాబు తేలాక కొనండి. ఈలోగా గడియారం మీదా ఓ కన్నేసి ఉంచండి. ఆరు అయితే ఇంటికెళ్లడం కూడా హీరోయిజమే!