కొత్త విండోస్ వేయిస్తే లినక్స్ ఎక్కడికి పోతుంది?

మదురై నుంచి తిరునెల్వేలి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరసగా తగులుతాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. తమిళ కథకుడు కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో అలాంటి ఇంట్లోనే పుట్టారు. 2011 తర్వాత ఈ ఇళ్లలోకి రెండు భాషల వస్తువు ఇంకొకటి వచ్చింది. అది సర్కారు ల్యాప్‌టాప్.

తమిళనాడు ప్రభుత్వం ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకాన్ని 2011 సెప్టెంబరు 15న మొదలుపెట్టింది. ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల విద్యార్థుల కోసం ఎల్కాట్ సంస్థ వాటిని కొన్నది. తొలి విడత యంత్రాల్లో విండోస్‌తో పాటు కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉండేది. ఆన్ చేయగానే నల్లటి తెర మీద రెండు పేర్లు కనిపిస్తాయి. ఏది కావాలంటే అందులోకి వెళ్లవచ్చు.

ఇలాంటి ల్యాప్‌టాప్ నెమ్మదించిందనో, వైరస్ పట్టిందనో షాపులో ఇచ్చి విండోస్ మళ్లీ వేయించారనుకోండి. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నేరుగా విండోస్ వచ్చేస్తుంది. రెండు పేర్ల జాబితా ఉండదు. లినక్స్‌లో దాచుకున్న ప్రాజెక్టు రిపోర్టు కూడా పోయిందని పిల్లలు గుండె బాదుకుంటారు.

నిజానికి అది పోలేదు.

పాత పద్ధతి హార్డ్‌డిస్కులో మొట్టమొదటి 512 బైట్లే గుమ్మం. అందులో 446 బైట్లు యంత్రాన్ని లేపే ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కులోని భాగాల పట్టికకు. రెండు పేర్లూ చూపించే గ్రబ్ మొదలయ్యేది అక్కడి నుంచే. విండోస్ కొత్తగా ఎక్కేటప్పుడు ఆ చోట ఎవరున్నారో చూడకుండా తన ప్రోగ్రాము రాసేసుకుంటుంది. లినక్స్ లోపల భద్రంగానే ఉంటుంది, దానికి దారి మాత్రం మూసుకుపోతుంది. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి గ్రబ్‌ను తిరిగి వేస్తే మళ్లీ తెరుచుకుంటుంది.

అసలు ప్రమాదం ఇన్‌స్టాల్ మధ్యలో వచ్చే ఇంకో తెర దగ్గర ఉంది. డిస్కు భాగాల జాబితా వస్తుంది. లినక్స్ భాగానికి అక్కడ పేరుండదు, సైజు మాత్రమే ఉంటుంది. ఖాళీ అనుకుని దాని మీద ‘డిలీట్’ కొట్టి, ఆ జాగాలో కొత్తవి నింపితే ఫైళ్లు దక్కడం కష్టం.

కొత్త యంత్రాల్లో గుమ్మం మారింది కానీ తగువు తీరలేదు. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన భద్రతా అప్‌డేట్ తర్వాత, రెండు వ్యవస్థలున్న కొన్ని కంప్యూటర్లలో లినక్స్ లేవనంది. ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అంటూ ఆగిపోయింది. అలాంటి యంత్రాల జోలికి ఆ అప్‌డేట్ వెళ్లకూడదు. కొన్ని అమరికలను అది గుర్తుపట్టలేకపోయింది. పూర్తి మరమ్మతు 2025 మేలో వచ్చింది.

అందుకే షాపులో ఇచ్చేముందు ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి ఎక్కించుకోవాలి. డిస్కు భాగాల జాబితాను ఫోనుతో ఫొటో తీసి, ఏది దేనిదో షాపులో చూపించి చెప్పాలి.