సైలెన్సర్ మార్చే ముందు... ముద్ర చూశారా?

ఊళ్లో నాన్న బుల్లెట్ వీధి మలుపు తిరగ్గానే ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. ఆ ‘డబ్ డబ్’ మీద మమకారంతో బ్రిటన్‌లోనూ రాయల్ ఎన్‌ఫీల్డ్ కొనే మనవాళ్లున్నారు. తీరా స్టార్ట్ చేస్తే ఆ గంభీరత వినిపించదు. ‘ఈసారి ఇండియా నుంచి ఒక సైలెన్సర్ సూట్‌కేసులో తెచ్చుకుంటే పోలా’ అనిపిస్తుంది. తొందరపడకండి. మార్చే ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

పవర్ పెరుగుతుందా?

క్లాసిక్ 350 ఇంజిన్ 349 సీసీ. శక్తి సుమారు 20 హార్స్‌పవర్. వెనక భాగం మాత్రమే మార్చే ‘స్లిప్ ఆన్’ రకంతో బరువు కాస్త తగ్గుతుంది, శబ్దం మారుతుంది. వేగంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంజిన్ దగ్గర్నుంచి మొత్తం మారిస్తే ఈసీయూను కూడా సరిచేయించాల్సి రావచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే పొగలో విషవాయువులు పెరుగుతాయి. అంటే మనం డబ్బు పెట్టేది ప్రధానంగా శబ్దానికే.

చట్టం ఏమంటోంది?

రోడ్డు మీద తిరిగే బండి సైలెన్సర్‌పై ఆమోద ముద్ర ఉండాలి. బ్రిటిష్ ప్రమాణమైన ‘బీఎస్ ఏయూ 193’ గానీ, ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరంతో ఉండే గుర్తు గానీ కనిపించాలి. అది మీ మోడల్‌కు వర్తించాలి. ‘రోడ్డుపై వాడరాదు’ అని రాసి ఉంటే ఎంఓటీలో ఫెయిలే. కొత్త బండికి మూడేళ్ల దాకా ఎంఓటీ లేదని ధీమా వద్దు. పోలీసులు ఎప్పుడైనా ఆపవచ్చు.

బీమా సంగతి?

అసలు చిక్కు ఇక్కడే. మార్పు సంగతి బీమా సంస్థకు చెప్పకపోతే, ప్రమాదం జరిగిన రోజు క్లెయిమ్ నిరాకరించవచ్చు, పాలసీనే రద్దు చేయవచ్చు. ఒకసారి అలా రద్దయితే ఆ తర్వాత కారు బీమా తీసుకునేటప్పుడూ ఆ విషయం చెప్పాల్సి వస్తుంది. ప్రీమియం భారం ఇంటిల్లిపాది మీదా పడుతుంది.

ఇవన్నీ చూసుకున్నాకా మార్చాలనే ఉంటే నిరభ్యంతరంగా మార్చుకోండి. ముద్ర ఉన్నదే కొనండి. వారంటీ గురించి డీలర్‌ను అడగండి. బీమా సంస్థ ఒప్పుకుంటే ఆ జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. పాత సైలెన్సర్‌ను పారేయకండి, బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేవారు ఇంకొక్కటి గుర్తుంచుకోండి. ఇక్కడి టెర్రస్ ఇళ్లలో మనకూ పక్కింటికీ మధ్య ఉండేది ఒక్క గోడే.