బాలికల కుట్టుమాతృకలు - ప్రతిరచనాధర్మము

తాళపత్రగ్రంథములకుఁ బ్రతులు వ్రాయునపుడు లేఖకప్రమాదములను దిద్దవలెనా, యున్న వున్నట్లే నిలుపవలెనా యను చర్చ మనకుఁ గ్రొత్తది కాదు. ఈ చర్చయే సూదిదారములతోఁ బనిచేయువారియందును గల దనినఁ గొందఱకు వింతగాఁ దోఁపవచ్చును.

ఇంగ్లాండునందును అమెరికాయందును 17వ శతాబ్దినుండి 19వ శతాబ్దివఱకు బాలికలు అవిసెనారబట్టపై నక్షరములను, అంకెలను, నీతివాక్యములను, పూలతీఁగెలను గుట్టి, తుదను దమపేరును, ఈడును, సంవత్సరమును జేర్చుచుండిరి. వీనికి సాంప్లరులని పేరు. మాదిరి యను నర్థముగల లాటినుపద మీ పేరునకు మూలము. పడుగుపేకల పోగులను లెక్కించి యేటవాలుగా నొకకుట్టును, దానిమీఁద నడ్డముగా వేఱొకకుట్టును వేయుటయే క్రాసుకుట్టు. ఇంటిబట్టలపై యజమానుల పొడియక్షరములను గుర్తుగా వేయుట కీవిద్య యక్కఱకు వచ్చెడిది. కావునఁ బనికిఁ బోవు పేదబాలికకు జీవనోపాధియు నయ్యెడిది. బ్రిస్టలునగరమున జార్జి ముల్లరు స్థాపించిన యనాథాశ్రమములలోని బాలికలు ఎఱ్ఱదారముతో బహువిధములైన యక్షరమాలలను గుట్టిన గుడ్డలు నేఁటికిని నిలిచియున్నవి.

ఇప్పుడు వీనికిఁ బ్రతులు కుట్టువారు పెక్కండ్రు గలరు. వారికి మొదటి చిక్కు బట్టవలన వచ్చును. చేనేతబట్టలో నంగుళమునకుఁ బడుగుపోగు లెన్నియో పేకపోగులు నన్నియే యుండునను నియమము లేదు. అందుచే మూలమున నించుక పొడుగుగానో పొట్టిగానో కనఁబడు నక్షరము, సమసంఖ్యగల నేఁటి బట్టపైఁ గుట్టినచో నాకృతి మాఱును. రెండవది రంగు. ముందువైపు వెలుతురు సోఁకి వెలసిపోవును. వెనుకవైపునఁ దొలిరంగు చాలవఱకు నిలిచియుండును. నీలిమీఁదఁ బసుపువన్నె వేసి తెచ్చిన యాకుపచ్చయందుఁ బసుపు ముందుగాఁ బోవుటచే నాకులు నీలములై కనఁబడును. ఇనుము చేర్చి యద్దిన నల్లదారము క్రమముగాఁ జివికి రాలిపోఁగా, నక్కడ సూదిరంధ్రములే సాక్షులు.

నీలపుటాకులను గుట్టినచో నది నేఁటిరూపమునకుఁ బ్రతి. పచ్చనివానిని గుట్టినచో బాలిక యుద్దేశమునకుఁ బ్రతి. రెండును దోషములు కావు. ఏది చేసినదియుఁ జెప్పకుండుటయే దోషము.

ఇఁక తప్పుల విషయము. చోటు చాలక పంక్తితుద విఱిగిన పదము, విడిచి పైనఁ జేర్చిన యక్షరము, ఒకపోగు లెక్కతప్పి వంకరపోయిన తీఁగె, వీనిని దిద్దినచోఁ బ్రతి యందమగును గాని బాలిక మాయమగును. కొందఱు స్త్రీలు పెద్దవారైన పిమ్మటఁ దమ యీడు తెలియకుండుటకై సంవత్సరపుటంకెలను విప్పివేసిరి. రంధ్రములనుబట్టి యాయంకెలను జదువుట పరిశోధకుని పని. వానిని బ్రతిలో మరలఁ గుట్టుట యామె తుడిచినదానిని దిరిగి వ్రాయుటయే.

లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఎలిజబెత్ పార్కరు సుమారు 1830లోఁ గుట్టిన గుడ్డ యొకటి కలదు. ఆమె పదుమూఁడేండ్ల ప్రాయముననే యిల్లు విడిచి దాదిపనికిఁ బోయి క్రూరత్వమునకు లోనయ్యెను. తనకు వ్రాయుట రాదని చెప్పుచు, ఆకష్టమును, ప్రాణత్యాగచింతను ఎఱ్ఱపట్టుదారముతో నక్షరమక్షరముగాఁ గుట్టెను. అందుఁ బూవు లేదు, తీఁగె లేదు. తన యాత్మ యేమగునని యడుగుచుఁ దుదివాక్యము నడుమనే నిలిచిపోయినది. తరువాత నామె బడిలో నుపాధ్యాయినియై 1889వఱకు జీవించెను. ఆ సంగతి యెఱిఁగి యీ గ్రంథపాతమును శుభముగాఁ బూరింప బుద్ధిపుట్టుట సహజమే. కాని యా సూది నిలిచినచోటనే ప్రతికర్త సూదియు నిలువవలెను.

కొందఱు పాతదనము దోఁచుటకై క్రొత్తబట్టను దేనీటిలో ముంచుదురు. వేడుకకై చేసినది చేతులు మాఱినప్పుడు మోసమునకుఁ దావగును. కావునఁ బ్రతికర్త మూలబాలిక పేరుతోపాటు, వేఱుగాఁ దనపేరును, తాను గుట్టిన సంవత్సరమును వెనుకవైపుననైనఁ దప్పక కుట్టవలెను. మన లేఖకులు గ్రంథాంతమునఁ దమపేరు చెప్పుకొనుటయు నిట్టి ధర్మమే గదా!